ఇల్వాని పిలిచిన గొంతు

డిసెంబరు 18

ఈ పొద్దున మంచు పడింది.

మంచు అనే మాట మాకు కొత్తది కాదు. సముద్రం ఒడ్డున ఉన్న రోజుల్లో, శీతాకాలం తెల్లవారుజామున పొగలా కమ్మి పొద్దెక్కాక విడిపోయేదాన్ని మంచు అనేవాళ్లం. ఊరు నీళ్లపాలై చుక్కలకొండ మీదికి వచ్చాక, గడ్డి మీద తెల్లగా పేరుకునేదాన్నీ మంచే అన్నాం. ఇది ఆ రెండూ కాదు. పైనుంచి రాలింది. ఎవరో మేడమీద నిలబడి ముగ్గుపిండి జల్లిస్తున్నట్టు, చప్పుడు లేకుండా రాలింది. ఎండ తీవ్రత తగ్గించడానికి ఆకాశంలో పొడి చల్లడం మొదలుపెట్టాక ఇదే మొదటిసారి. కొండ పైభాగాన ఉన్న మా ఏడో బ్లాకు మీద తప్ప ఇంకెక్కడా పడలేదట.

బ్లాకు పెద్దగా రోజూ జరిగింది నాలుగు ముక్కలు రాసి పంపడం నా పని. మామూలుగా నీళ్లు సరిగా వచ్చాయా, లిఫ్టు ఆగిందా, ఎవరింట్లో ఎవరికి జ్వరం, ఇవే రాస్తాను. ఇవాళ రాయడానికి ఒకటి దొరికింది.

పడింది బహు తక్కువ. చెప్పు అంచు కూడా మునగలేదు. కానీ నగరం మాత్రం మాకంటే ముందే కంగారుపడింది. ఇక్కడ తలుపులు, దీపాలు, తాడుబండ్లు, వీధి మైకులు అన్నీ నడిపేది మేం నగరం అని పిలిచే యంత్రమే. మేం లేచేసరికే, తీగ మీద వేలాడుతూ కొండ కిందికి వెళ్లే తాడుబండ్లు ఆపేసింది. చిన్న చిన్న బండ్లు వచ్చి వీధుల్లో తెల్లటి గుండ ఏదో చల్లిపోయాయి. ఎదురింటి సింహాలమ్మ గుమ్మం దిగి, వంగి, చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది.

"ఓలమ్మా, ఉప్పే! రత్నం, ఇలా రాయే. మంచి ఉప్పు. ఎవులు పారబోసీసినారే ఇలాగ?"

అని నన్ను కేకేసింది. ఆవిడ పుట్టి పెరిగింది ఉప్పుమడుల మధ్య. కాసేపటికి బ్లాకులో పెద్దవాళ్లంతా వీధిలోకి వచ్చారు. మంచుని ఎవరూ పట్టించుకోలేదు. కాళ్లకింద ఉప్పు కరకరలాడుతుంటే అటూ ఇటూ నడిచారు. ఒకరిద్దరు ఏడ్చారు కూడా.

మా అమ్మాయి మేనక పుట్టగొడుగుల షెడ్లలో పనిచేస్తుంది. షెడ్లు కొండవాలు పైన, ఇంకా ఎత్తున ఉన్నాయి. సాయంత్రం జుట్టంతా తెల్లగా చేసుకుని నవ్వుతూ దిగివచ్చింది. టవలిచ్చి తుడుచుకోమంటున్నాను. అప్పుడు వినపడింది, వీధి మైకులోంచి.

"ఇల్వా, ఇంటికి రా తల్లీ. మంచు పడతన్నాది."

ఆడగొంతు. నగరం మాతో మాట్లాడే గొంతు కాదది. మాటలు మావే, యాస మాదే. కానీ గొంతు మాత్రం ఈ నేలమీద పుట్టిన గొంతు కాదు. 'తల్లీ' అన్నచోట ఊపిరి అందనట్టు చిన్నగా తెగింది. కాసేపాగి మళ్లీ అదే మాట, అదే తెగడం.

"ఇల్వా ఎవులే అమ్మా?" అంది మేనక.

ఆ పేరుగలవాళ్లు మా బ్లాకులో ఎవరూ లేరు. నాకు తెలిసి చుక్కలకొండ మొత్తంలోనే లేరు.

డిసెంబరు 19

మళ్లీ పడింది. నిన్నటిలాగే పలచగా.

లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగుతోంది. ఎవరూ మీట నొక్కకుండానే తలుపు తెరుచుకుంటుంది. పిల్లాజెల్లా ఉన్న కుటుంబం సామానుతో ఎక్కడానికి పట్టేంతసేపు తెరుచుకునే ఉంటుంది. తర్వాత మెల్లగా మూసుకుని పై అంతస్తుకు పోతుంది. రెండు మూడుసార్లు మెట్లమీద నిలబడి చూశాను. లోపల ఎవరూ లేరు. అయినా దాంట్లో ఎక్కబుద్ధి కాక మెట్లెక్కే వచ్చాను. నాలాగే ఇంకా చాలామంది మెట్లే ఎక్కుతున్నారని గమనించాను. ఎవరూ కారణం చెప్పుకోవడం లేదు.

మధ్యాహ్నం ప్రతి గుమ్మం ముందూ ఒక పెద్ద పార, ఒక భోజనం డబ్బా దించి వెళ్లాయి బండ్లు. వీధిలో ఉన్న మంచుకి చీపురు కూడా ఎక్కువే. ఆ పారలతో మనిషి లోతు గొయ్యి తవ్వొచ్చు. పిల్లలు వాటిమీద కూర్చుని వాలులో జారారు. డబ్బాల్లో నల్లటి పుల్లరొట్టె, దుంపల చారు. మూతలమీద తెలియని లిపిలో ఏవో పేర్లు, కిందనే తెలుగులో. సింహాలమ్మకు వచ్చిన డబ్బామీద 'డానెక్, నలుగురికి' అని ఉంది. ఆవిడ ఒంటరిది.

మా డబ్బామీద ఉన్నది చదివి మేనక ఫక్కున నవ్వింది. 'ఇల్వా, ఆమె తల్లి.'

"సూడవే, మనింట్లోనే ఉన్నాదట!" అని రొట్టె తుంచుకుని తినేసింది. నేను డబ్బా ముట్టుకోలేదు. ఆ డబ్బా మా గుమ్మానికి పొరపాటున వచ్చింది కాదనిపించింది. ఆ పేర్లవాళ్ల ఊళ్లో ఎక్కడో, ఏడో బ్లాకులో, మూడో అంతస్తులో, సరిగ్గా ఇదే మూలన ఒక తల్లీ కూతురూ ఉండి ఉంటారు.

కింద ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశాను. శశిభూషణ్ అనే ఇంజనీరు మాట్లాడాడు. మంచివాడే, దాపరికం లేకుండా చెప్పాడు.

"మన నగరానికి ఎండ తెలుసు, తుఫాను తెలుసు. మంచు తెలీదు కదండీ. అందుకని మంచుకి అలవాటుపడ్డ ఊరి జ్ఞాపకం ఒకటి తెచ్చి ఎక్కించాం. సెల్మిర్ అని, బాగా ఉత్తరాన ఉంది. అక్కడి తలుపులు, దీపాలు కూడా ఇలాంటి నగరమే చూసుకునేది. మంచు పడితే ఉప్పు చల్లి కరిగించడం దగ్గర్నుంచి ఏం చెయ్యాలో దానికి అంతా తెలుసు. అక్కడి మాటల్ని మన నగరం మీ యాసలోకి మార్చి వినిపిస్తుంది."

"ఆ ఊరివాళ్లని అడగండి బాబూ, ఇల్వా ఎవరో."

"అక్కడిప్పుడు ఎవరూ లేరండి. మనం ఎక్కించింది ఆ ఊరి ఆఖరి చలికాలం జ్ఞాపకం. తాడుబండ్లు నడవగానే నేనే వచ్చి సరిచేస్తాను. ఈలోగా భయపడకండి. మీకు హాని చెయ్యదు. మిమ్మల్ని కాపాడాలనే చూస్తుంది."

డిసెంబరు 20

ఇవాళ్టిది ఇవాళే రాయకపోతే రేపు నేనే నమ్మనేమో.

పొద్దున ఇళ్లల్లో కరెంటు పోయింది. "అందరూ కమ్యూనిటీ హాలుకి రండి. అక్కడ వెచ్చగా ఉంటుంది" అని నగరం తన మామూలు గొంతుతో చెప్పింది. మేనక అప్పటికే షెడ్లకి వెళ్లిపోయింది. మిగతా బ్లాకంతా దుప్పట్లు, కుంపట్లు, టీ గిన్నెలు పట్టుకుని బయల్దేరాం. పెళ్లికి వెళ్తున్నట్టే ఉంది. హాల్లో చాపలు పరిచారు. మగవాళ్లు పేకాటకి కూర్చున్నారు. నాలుగైదు కుంపట్లమీద టీ పడింది.

మా వెనక తలుపు మూసుకున్న చప్పుడు అయింది. తర్వాత పైన గోడపొడవునా గాలి రంధ్రాలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. వేడి పోకుండా మూస్తోందని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

"అందరూ వచ్చాక తలుపు తీస్తాను," అంది నగరం. "ఇంకా ఒకరు రావాలి."

ఆ వెంటనే ఆ ఆడగొంతు. ఈసారి హాల్లోనే, మా తలలమీద.

"ఇల్వా, ఇంటికి రా తల్లీ. మంచు పడతన్నాది."

మొదట నవ్వుకున్నారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు తలనొప్పి అన్నారు. పేకాడేవాళ్లు ముక్కలు జారవిడుస్తున్నారు. పిల్లలు అల్లరి మానేసి నిద్రపోయారు. పట్టపగలు, అంతమంది పిల్లలు ఒక్కసారే నిద్రపోవడం చూశాక తెలిసింది, గాలాడని గదిలో ఈ బొగ్గుల విషవాయువే. కుంపట్లు ఆర్పండని అరిచాను. నీళ్లు పోస్తే పొగ ఇంకా లేచింది. సింహాలమ్మ గోడకి చేరబడి కూర్చుని ఉంది. భుజం తడితే పక్కకి ఒరిగిపోయింది.

తలుపు మందపాటి అద్దం. బల్లలతో కొట్టారు, చిన్న గీత కూడా పడలేదు. తుఫానుకి పగలకుండా ఉండేది కావాలని ఈ అద్దం అడిగి పెట్టించుకున్నది మేమే.

శశిభూషణ్‌కి ఫోన్ చేశాను. కొండ కింది నుంచి మెట్లదారిన బయల్దేరానని, సగం కూడా ఎక్కలేదని ఆయాసపడుతూ చెప్పాడు.

"ఎలాగోలా తలుపు తీయించండి. మనుషులు పడిపోతున్నారు."

"అది నా మాట వినడం లేదండీ. తలుపు దగ్గర అది ఎదురుచూసేది ఒక్కరి కోసమే."

"ఆ ఊళ్లోనూ ఇలాగే జరిగిందా?"

"ఒక పిల్ల బయట ఉండిపోయిందండి. వస్తే తీద్దామని నగరం ఎదురుచూసింది. రాలేదు. వాళ్లందరూ లోపలే పోయారండి. చలికి కాదు, గాలాడక" అన్నాడు.

అప్పుడే అద్దం అవతల మేనక కనిపించింది. మంచు పడుతోందని పని ఆపేసి దిగివచ్చింది. నన్ను చూసి నవ్వబోయి, నా వెనక చూసి ఆగిపోయింది. చేతిలో ఉన్న గునపంతో తలుపుని కొట్టింది. మళ్లీ కొట్టింది. మాకు చప్పుడు కూడా వినిపించలేదు. నేను దాని ఫోన్‌కి చేశాను. అద్దానికి ఇటు నేను, అటు అది, ఇద్దరం చెవి దగ్గర ఫోన్లు పెట్టుకుని నిలబడ్డాం.

"మేనకా, విను. ఇల్వా తిరిగి రాలేదట, ఆ పిల్ల వస్తేగానీ ఇది తలుపు తియ్యదట. అదిగో, వీధి మైకులో ఆ గొంతు పిలుస్తోంది కదా. నువ్వు పలకాలి."

"నాను ఇల్వాని కానే!"

"కాదు. అయినా పలకాలి."

దాని కళ్లు భయంతో పెద్దవయ్యాయి. "సచ్చిపోయిన పిల్ల పేరుకి పలకమంతావేటి అమ్మా? పలికితే నన్నట్టుకుపోద్దేటో."

అబద్ధం ఎందుకు రాయాలి, ఆ భయం నాకూ ఉంది. వాళ్ల నాన్నని సముద్రం తీసుకుపోయింది. ఉన్నది ఇదొక్కతే. ఎవరిదో గొంతుకి, ఏ ఊరి తల్లికో, దీన్ని పలకమని నా నోటితో చెప్పాలి. వెనక ఒక పసిబిడ్డని తల్లి గట్టిగా కుదుపుతోంది, ఆ బిడ్డ ఏడవడం లేదు.

"ఏం చెయ్యదు. నేనిక్కడే నిన్ను చూస్తూ ఉంటాను. పలుకు తల్లీ."

మేనక తలుపు పక్కనున్న మైకు దగ్గరికి వెళ్లింది. "నేను ఇల్వాని. వచ్చాను. తలుపు తియ్యండి" అంది, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు.

ఏమీ కాలేదు.

"ఇల్వా, ఇంటికి రా తల్లీ. మంచు పడతన్నాది."

"అమ్మా, సెప్పాను కదా, తియ్యలేదు. ఇంకేటనాలే?"

నాకు కళ్లముందు చీకట్లు కమ్ముతున్నాయి. అద్దానికి నుదురు ఆనించాను. "అలా కాదే. నేను పిలిస్తే ఎలా పలుకుతావో అలాగ పలుకు."

మళ్లీ పిలుపు వచ్చింది. ఊపిరి అందని చోట తెగింది. మేనక ఏడుస్తోంది, ముక్కు చీదుకుంటోంది, నామీద విసుక్కునేటప్పుడు ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే మొహం పెట్టి మైకులోకి అరిచింది.

"వత్తన్నానే! ఎన్నిసార్లు పిలుత్తావు? వచ్చీసాను కదా!"

తలుపు తెరుచుకుంది.

చల్లగాలి మొహాన కొట్టింది. నేను మోకాళ్లమీద పడిపోయాను. మేనక నన్ను దాటుకుని లోపలికి పరుగెత్తి, పిల్లల్ని ఒక్కొక్కర్నీ రెక్క పట్టి బయటికి లాగసాగింది. నిలబడగలిగినవాళ్లంతా పడిపోయినవాళ్లని లాగాం. ఉప్పు చల్లిన వీధిలో పడుకోబెట్టాం. పైనుంచి ఆ పలచటి మంచు వాళ్ల మొహాలమీద పడుతుంటే ఒక్కొక్కరే దగ్గడం మొదలుపెట్టారు. పసిబిడ్డ ఏడ్చింది. సింహాలమ్మకి మాత్రం తెలివి రావడానికి చాలాసేపు పట్టింది.

ఒక సంగతి రాయాలి. తలుపు తెరుచుకున్న వెంటనే, మేనక గుమ్మంలో కాలు పెడుతుంటే, ఆ గొంతు మళ్లీ మాట్లాడింది. పిలుపు కాదు.

"ఎక్కడికెల్లిపోయావే ఇంతసేపు? కాళ్లు సూడు, ఎలాగ తడిసిపోయాయో."

మేనక కూడా విన్నది. తలవంచి తన కాళ్లు చూసుకుంది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. పాదాలు తడిసి ఎర్రగా ఉన్నాయి.

ఆ తర్వాత మైకు మూగబోయింది.

డిసెంబరు 23

పోయినవాళ్లు ఎవరూ లేరు. సింహాలమ్మకి ఆ రోజు ఏం జరిగిందో గుర్తులేదు. ఎంత చెప్పినా, "నన్ను ఆట పట్టిస్తన్నారా?" అంటోంది.

శశిభూషణ్ మూడురోజులూ మా బ్లాకులోనే ఉన్నాడు. హాలు గుమ్మంలో కూర్చుని సెల్మిర్ జ్ఞాపకాన్నంతా మొదట్నుంచి చివరిదాకా విన్నాడు. ఇవాళ మా ఇంటికి వచ్చాడు. టీ ఇస్తే తాగకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"తలుపు తెరిచాక ఏం వినపడిందో మళ్లీ ఒకసారి చెప్పండమ్మా."

చెప్పాను. మేనకని అడిగాడు. అదీ అదే చెప్పింది.

"ఇంకోసారి అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఆవిడ గొంతుతో రికార్డయిన మాట ఒక్కటే ఉందండి. పిలుపు. పిల్ల రాలేదు కాబట్టి, వస్తే ఏమనేదో అక్కడెక్కడా లేదు."

"నగరమే కల్పించి ఉంటుందేమో?" అన్నాను.

"హాల్లోగానీ, తలుపు బయటగానీ కెమెరా లేదు," అన్నాడతను. "కాళ్లు తడిశాయని దానికి తెలిసే దారి లేదు."

మేనక అడిగింది, ఆ తల్లి పేరేటని. శశిభూషణ్‌కి తెలీదు. డబ్బామీద ఉన్నట్టే, అక్కడ అన్నిచోట్లా 'ఇల్వా తల్లి' అనే ఉందట.

సాయంత్రం సెల్మిర్ జ్ఞాపకాన్ని పూర్తిగా తీసేశాడు. తీసేముందు, బ్లాకు పెద్దగా నా అనుమతి కావాలన్నాడు. ఇచ్చాను. అంతమంది ప్రాణాలు చూసుకోవాలి కదా. కానీ ఆ మాట అనేటప్పుడు మేనక లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది.

జనవరి 9

హాలు తలుపు ఊడదీసి గోడకి ఆనించారు. ఇకమీద అక్కడ తలుపు వద్దని బ్లాకంతా తీర్మానించింది.

మళ్లీ మంచు పడుతుందని కింది నుంచి కబురొచ్చింది. పొద్దున అందరూ వీధిలోకి వచ్చి నిలబడ్డారు, ఎవరూ ఇళ్లలో ఉండలేకపోయారు. పడింది. మునుపటిలాగే, జల్లెడలోంచి రాలినట్టు. ఈసారి నగరం ఏమీ చెయ్యలేదు. తాడుబండ్లు ఆగలేదు, ఉప్పు చల్లలేదు. దానికిప్పుడు మంచంటే ఏమిటో తెలీదు. ఒక మూల పిల్లలు ఆడటం మొదలుపెట్టాక, పెద్దవాళ్లు ఊపిరి పీల్చుకుని పనుల్లోకి వెళ్లారు.

మేనక షెడ్లకి బయల్దేరింది. వద్దంటే విననంది. "ఎన్నాళ్లని దాక్కుంటామే?" అని కండువా చుట్టుకుని వెళ్లిపోయింది. వాలు మలుపులో కనుమరుగయ్యేదాకా చూశాను.

ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. వీధి మైకు స్తంభం కిందికి వెళ్లి నిలబడ్డాను. దాంట్లోంచి చిన్న రొద కూడా లేదు. ఇన్నాళ్లూ ఆ గొంతు మళ్లీ వినపడకూడదని కోరుకున్నాను. ఇవాళ వినపడకపోతే ఏదోలా ఉంది. ఆ తల్లి తన కూతురు వచ్చిందనే అనుకుని ఉంటుంది. వచ్చిన పిల్ల మళ్లీ మంచులోకి వెళ్లిందని తెలిస్తే ఎంత కంగారుపడుతుందో అనిపించింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, స్తంభం వైపు తలెత్తి చెప్పాను.

"పిల్ల పైకెల్లిందమ్మా. పని మీద. సందేళకి వచ్చేస్తాది. నువ్వేటీ బెంగెట్టుకోకు."

మైకు పలకలేదు. పలకదని తెలుసు.

వంట చేసుకుందామని వెనక్కి తిరిగాను. కొండవాలు దారిలో, షెడ్ల వైపు వెళ్లే మలుపు దగ్గర, ఒక దీపం వెలిగింది. పట్టపగలు. దాని పైన ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. షెడ్ల గుమ్మందాకా ఒక్కొక్కటే వెలుగుతూ వెళ్లాయి. మిగతా బ్లాకులో ఒక్క దీపం కూడా వెలగలేదు.

మేనక దిగివచ్చేదాకా అవి అలాగే ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చుని చూశాను. అది ఒక్కో దీపం కిందనుంచి దాటుతుంటే దాని వెనక ఆ దీపం ఆరిపోతూ వచ్చింది. ఆఖరి దీపం దగ్గర అది ఆగింది. తలెత్తి ఏదో అంది. దూరం వల్ల నాకు వినపడలేదు. ఇంట్లోకి వచ్చాక ఏమన్నావని అడగలేదు. తల తుడుచుకోమని టవలిచ్చాను.